న్యూజెర్సీ పెరట్లో పామ్ చెట్టు: మొవ్వు కుళ్ళకుండా చలికాలం దాటించడం ఎలా?

మార్చి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. పోయినేడు మా వీధి చివర ఉండే కరీంనగర్ తమ్ముడు ఫోన్ కూడా చెయ్యలేదు, ఊడొచ్చిన పామ్ ఆకు చేత్తో పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చేశాడు.

"అన్నా, ఆకులన్ని పచ్చగనే ఉన్నయ్. నడిమి ఆకు జర గుంజితే చేతికొచ్చింది."

ఆకు పైనంతా బాగానే ఉంది. అడుగున జానెడు మేర మాత్రం గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే నీరు కారుతోంది. కుళ్ళిన క్యాబేజీ వాసన. కోనసీమలో పుట్టినవాణ్ణి, ఆ వాసన నాకు కొత్త కాదు. మొవ్వు కుళ్ళు, అంటే నడినెత్తిన కొత్త ఆకు పుట్టే చోటే కుళ్ళిపోవడం.

"ఎలా కప్పావు తమ్ముడూ?"

"మంచి టార్పాలిన్ అన్నా. డిసెంబర్ల కట్టిన, మళ్ల ఇప్పుడే ఇప్పిన."

అదీ సంగతి. చలికి చచ్చిందనుకుంటారు గానీ, ఇక్కడ సగం చెట్లు చచ్చేది కప్పిన తీరుకే. అందుకే ఇది రాస్తున్నాను.

ఏ మొక్క, ఎక్కడ, ఎప్పుడు

ఇవి త్వరగా చెప్పేస్తాను. కొబ్బరి ఇక్కడ నేలలో బతకదు, ఆ ఆశ వదిలేయండి. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల మనది అమెరికా మొక్కల చలి మ్యాపులో 7వ జోను, అంటే చలి మైనస్ 12 నుంచి మైనస్ 17 డిగ్రీల దాకా దిగొచ్చు (ఈ వ్యాసంలో అన్నీ సెల్సియస్‌లోనే). నేలలో పెట్టదగ్గది విండ్‌మిల్ పామ్. ఆకు మన తాటాకులా విసనకర్ర ఆకారంలో ఉంటుంది, మానుకి గోనెపట్టా చుట్టినట్టు పీచు ఉంటుంది. చైనాలో ఆ పీచుతో తాళ్ళు, వానకోట్లు చేసుకునేవారు. దీనికన్నా చలికి తట్టుకునేది నీడిల్ పామ్, కానీ అది మాను కట్టదు, పొదలా ఉండిపోతుంది. నాకు చెట్టంటే మాను ఉండాలి.

మూడు గ్యాలన్ల కన్నా చిన్న కుండీలో ఉన్న మొక్కని నేలలో పెట్టకండి. చిన్నదైతే రెండు చలికాలాలు కుండీలోనే ఉంచి లోపలికీ బయటికీ తిప్పండి. ఇంటికి దక్షిణం వైపు గోడ దగ్గర, వాయవ్యం గాలి తగలని చోట నాటండి. చూరు నీళ్ళు, గట్టర్ పైపు నీళ్ళు పడే చోట మాత్రం వద్దు. మే నెల మధ్యలో నాటాలి. సెప్టెంబరులో సగం ధరకి అమ్ముతారు, కొనకండి. అప్పుడు నాటితే వేరు పట్టేలోపే మంచు వచ్చేస్తుంది. మా వైపు బంకమన్ను కాబట్టి జానెడు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటుతాను. మాను అడుగుని మట్టిలో పూడ్చకండి. ఎరువు జులైతో ఆపేయండి. నాటడం అయిపోయింది.

కప్పడం: అసలు పని ఇదే

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. మామిడి కొమ్మ నరికితే పక్కన ఇంకో చిగురేస్తుంది. తాటికీ కొబ్బరికీ అలాంటి వీలు లేదు. పెరిగేదంతా నడినెత్తిన ఉన్న ఒక్క మొవ్వులోంచే. విండ్‌మిల్ పామ్‌కీ అంతే. ఆకులన్నీ మాడిపోయినా మొవ్వు బాగుంటే చెట్టు తిరిగి లేస్తుంది, మొవ్వు పోతే ఆకులు పచ్చగా ఉన్నా అది పోయినట్టే. ఆ పచ్చదనం చూసే అందరూ మోసపోతారు.

ఇక టార్పాలిన్ ఏం చేస్తుందో చూడండి. కింద నేలలోంచి, ఆకుల్లోంచి వచ్చే తేమకి బయటికి దారుండదు. పగలు ఎండ పడితే లోపల వేడెక్కుతుంది, రాత్రికి ఆ తేమంతా నీటిబొట్లై మొవ్వులోకే కారుతుంది, అక్కడే గడ్డకడుతుంది, మర్నాడు కరుగుతుంది. ఇలా నాలుగు నెలలు. కుళ్ళు పట్టకుండా ఎలా ఉంటుంది? నా మొదటి చెట్టుని నేనూ ఇలాగే చంపుకున్నాను. అది కూడా పైన రెండు పొరలు వేసి, చుట్టూ టేపు అంటించి మరీ.

ఎప్పుడు కప్పాలి? థ్యాంక్స్‌గివింగ్ సెలవులున్నాయని అప్పుడు కాదు. వేరు పట్టిన చెట్టుకి మైనస్ 5 ఒక లెక్క కాదు. వాతావరణ సూచనలో మైనస్ 8 కనబడిన రోజు కప్పండి, సాధారణంగా అది క్రిస్మస్ దగ్గరపడ్డాకే. సామాను మాత్రం నవంబరుకే సిద్ధంగా ఉండాలి. 2022 క్రిస్మస్ ముందు పగలు 10 డిగ్రీల పైన ఉన్నది, ఒక్క రోజులో మైనస్ 10 కిందకి పడిపోయింది గుర్తుందా? ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో, చేతులు కొంకర్లు పోతూ తాడు కట్టాను. మీకా తిప్పలొద్దు.

కప్పే ముందు మొవ్వు పొడిగా ఉండాలి. వాన వెలిసి రెండు రోజులన్నా గడవాలి. నడి ఆకు మొదట్లో నీళ్ళు నిలిచి ఉంటే పాత గుడ్డతో అద్ది తీసేయండి. నేను మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ కూడా వాడతాను, చల్లగాలి మీద పెట్టి. ఆవిడకి చెప్పను.

తర్వాత మట్టలన్నీ పైకి ఎత్తి జనపనార తాడుతో వదులుగా కట్టండి, పూలజడ వేసినట్టు కింద నుంచి పైకి. బిగిస్తే మట్టలు విరుగుతాయి. ఇప్పుడు లైట్లు. పాతకాలం క్రిస్మస్ బల్బులు, లోపల తీగ వెలిగేవి, సి9 అని అడగండి. ఒక్కోటి 7 వాట్లు, దండకి 25 ఉంటే 175 వాట్లు. ఒక చెట్టుకి అది చాలు. ఎల్ఈడీలు కొనకండి! వెలుగిస్తాయి గానీ వేడి ఇవ్వవు. ఏటా ఒకరన్నా ఎల్ఈడీ చుట్టి "వెలిగాయి కదా" అంటారు. ఆ దండని మాను చుట్టూ, మట్టల మొదళ్ళ చుట్టూ తిప్పండి. నడి ఆకుకి బల్బు తగలకూడదు, మాడిపోతుంది. ఎండిన పీచుకీ గుడ్డకీ కూడా బల్బు ఆనకుండా చూడండి. సుమారు 2 డిగ్రీలకి వెలిగి, 7 దగ్గర ఆరిపోయే థర్మోస్టాట్ ప్లగ్గు దొరుకుతుంది, దానికి తగిలించండి. బయట వాడే వైరు, షాక్ కొట్టకుండా కట్ అయ్యే సాకెట్టు తప్పనిసరి.

దాని పైన ఫ్రాస్ట్ క్లాత్ రెండు పొరలు. గుడ్డే, ప్లాస్టిక్ కాదు. గుడ్డకి గాలి ఆడుతుంది. చుట్టూ నాలుగు కర్రలు పాతి వాటికి గోనెపట్టా కడితే గాలి దెబ్బ కూడా తగ్గుతుంది. ప్లాస్టిక్‌కి ఒక్క చోటే అనుమతి: వాన గానీ మంచు గానీ పడేటప్పుడు నెత్తిన గొడుగులా, పక్కలు తెరిచి. వెలిసిన రోజే తీసేయాలి.

అసలు కష్టం కప్పడంలో లేదు, విప్పడంలో ఉంది. జనవరిలోనైనా సరే, ఎండ కాసి 5 డిగ్రీలు దాటిన రోజు పైన ముడి విప్పి మొవ్వుకి గాలి తగలనివ్వండి. సాయంత్రం మళ్ళీ కట్టండి. ఓపిక లేదంటారా, సిల్కు తాటాకు కొని వరండాలో పెట్టుకోండి.

ఇంగ్లండు వాళ్ళ వీడియోలు చూపించి "వాళ్ళు ఏమీ కప్పరు కదండీ" అంటారు. నిజమే. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండు మొక్కల సేకర్త 1849లో చైనా నుంచి పంపిన విండ్‌మిల్ పామ్ మొక్కల్లో ఒకదాన్ని విక్టోరియా రాణి 1851లో ఐల్ ఆఫ్ వైట్‌లోని ఆస్బర్న్ హౌస్ తోటలో నాటింది. ఆవిడ గుడ్డ చుట్టలేదు, నిజమే. కానీ ఆ దీవి చలికాలం చుట్టూ సముద్రంతో మెత్తగా గడుస్తుంది. మనకి కెనడా నుంచి గాలి వస్తుంది. ఆవిడ పెరడు వేరు, మీ పెరడు వేరు.

నడి ఆకు ఊడొస్తే

ఫిబ్రవరి నుంచి పదిహేను రోజులకోసారి నడి ఆకుని రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూడండి. కదలకపోతే క్షేమం. ఊడొచ్చిందా, చెట్టు పెరికేయకండి. 1996 నవంబరు తుపాను తర్వాత మా నాన్న నిలబడ్డ కొబ్బరిచెట్లలో మొవ్వు కుళ్ళినవాటికి ఏం చేశాడో ఇక్కడా అదే: కుళ్ళింది పూర్తిగా తీసి, రాగి మందు పెట్టడం. అక్కడ కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళతో బోర్డో మిశ్రమం. ఇక్కడ రాగి ఉన్న తెగుళ్ళ మందు సీసాలో దొరుకుతుంది. మెత్తబడ్డదంతా చెంచాతో గీకేసి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ గుంటలో పోస్తాను. బుసబుసా పొంగుతుంది. మర్నాడు మళ్ళీ, పొంగడం తగ్గేదాకా. ఆరాక రాగి మందు. వాన పడకుండా పైన ఒక రేకు ముక్క.

తమ్ముడి చెట్టుకి ఇదే చేశాం. జూన్ దాకా మోడే. తర్వాత సగం కత్తిరించినట్టు వంకర ఆకు ఒకటి తొంగిచూసింది. మొదటి ఆకులు అలాగే వస్తాయి, కంగారుపడకండి.

అరటి, కరివేపాకు

నేలలో పెట్టే అరటి జపనీస్ అరటి ఒక్కటే, తినే కాయ ఇవ్వదు. తొలి మంచుకి ఆకులు నల్లబడగానే బోదెని నడుమెత్తున నరికి, చుట్టూ వైరు మెష్ నిలబెట్టి ఎండుటాకులు దట్టంగా నింపండి. బోదె కుళ్ళినా దుంప బతికుంటే మే చివరికి పిలకలేస్తుంది.

కరివేపాకు రాత్రి 10 డిగ్రీలకి దిగకముందే ఇంట్లోకి రావాలి. లోపలికి రాగానే ఆకు రాలుస్తుంది. మొక్క చచ్చిపోతోందని నీళ్ళు మీద నీళ్ళు పోస్తారు, దాంతో వేరు కుళ్ళి నిజంగానే చస్తుంది. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే ఒక గ్లాసు పోయండి.