కోకోపీట్ కుండీల్లో టమాటా, మిర్చి: సమస్య - పరిష్కారం

మిద్దె మీద బరువు పడకూడదని హైదరాబాద్‌లో చాలామందిలాగే నేనూ మట్టి మానేసి కోకోపీట్‌కి, అంటే కొబ్బరి పొట్టుకి వచ్చాను. మొదటి ఏడాది టమాటా, మిర్చి రెండూ ఏడిపించాయి. మా అత్తయ్యది కోనసీమలో కొబ్బరికి పేరున్న అంబాజీపేట. నేను తెచ్చిన ఐదు కిలోల దిమ్మ చూసి, "పీచు తీసేశాక మిగిలే పొట్టుని డబ్బులిచ్చి కొన్నావా!" అని ఒకటే నవ్వు. నా తప్పులన్నీ ఆ మాటలోనే ఉన్నాయని తర్వాత అర్థమైంది. పొట్టు నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లకి గాలి అందిస్తుంది. తిండి మాత్రం పెట్టదు. నేనేమో దాన్ని మట్టిలాగే చూశాను.

మొక్కకి ఏదో అయిందనిపించగానే మందుల షాపుకి పరిగెత్తకండి. పసుపు కింది ముదురాకుల్లో మొదలైందా, పైన చిగురులో మొదలైందా చూడండి. నత్రజని, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని ముదురాకుల నుంచి లాగి చిగురుకి ఇచ్చుకుంటుంది. ఇనుము, కాల్షియం అలా కదలవు, అందుకే వాటి లోటు లేత భాగాల్లో బయటపడుతుంది. సగం రోగాలు ఇక్కడే తేలిపోతాయి.

నాటిన వారం పది రోజులకే ఆకు అంచులు మాడాయి, ఎదుగుదల లేదు

కారణం దిమ్మలోని ఉప్పు. కొబ్బరి డొక్కలో సోడియం, పొటాషియం సహజంగానే ఎక్కువ. ఉప్పునీళ్లలో నానబెట్టిన డొక్కైతే చెప్పక్కర్లేదు. ప్యాకెట్ మీద "వాష్డ్" అని రాసి ఉన్నా నేను నమ్మను. పొట్టు పిడికెడు తీసుకుని, పిండి, కారిన నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) పెడతాను. మొదటి దిమ్మలో నాకు 1400 చూపించింది, మేం పోసే నీళ్లు 300 కూడా లేవు. ఆ తేడా అంతా పొట్టులోంచి వచ్చిన ఉప్పే.

నాటకముందైతే పని తేలిక. దిమ్మని పెద్ద టబ్బులో విప్పి, పాత గోనె సంచిలో పోసి, పైనుంచి నీళ్లు పోస్తూ కడగండి. పిండిన నీళ్ల రీడింగు, మీరు పోసే నీళ్ల రీడింగు దగ్గరదగ్గరగా వచ్చేదాకా. అక్కడితో ఆగితే మాత్రం పని సగమే అయినట్టు. కడిగినా పోని సోడియం, పొటాషియం కొంత పొట్టుకి అంటుకునే ఉంటుంది. తర్వాత మీరు కాల్షియం వేస్తే పొట్టు దాన్ని తను పట్టుకుని వీటిని వదులుతుంది. మీరు వేసింది మొక్కకి అందదు. అందుకే ముందే పొట్టు ఆకలి తీర్చాలి: ఐదు కిలోల దిమ్మకి 100 గ్రాముల కాల్షియం నైట్రేట్‌ని పాతిక లీటర్ల నీళ్లలో కలిపి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒకసారి మంచినీళ్లతో కడిగేస్తే చాలు.

ఇప్పటికే నాటేశారా? కుండీ ఎంత పడుతుందో దానికి మూడింతల నీళ్లు నెమ్మదిగా, అడుగునుంచి కారిపోయేలా పోసి, మర్నాడు లీటరుకి గ్రాము చొప్పున కాల్షియం నైట్రేట్ ఇవ్వండి. మాడిన అంచులు మళ్లీ పచ్చబడవు, కొత్త ఆకుని బట్టే అంచనా వేసుకోండి.

కింది ఆకులు పసుపెక్కుతున్నాయి

ఆకు మొత్తం పాలిపోతే నత్రజని లోటు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం. మొదటిదానికి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి గ్రాము చొప్పున వారానికి రెండుసార్లు. వర్మీకంపోస్ట్ రెండు గుప్పెళ్లు వేసి నెలంతా నడుస్తుందనుకుంటే కోకోపీట్‌లో నడవదు. రెండోదానికి ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకి రెండు గ్రాములు, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ.

ఒక్క జాగ్రత్త. కాల్షియం నైట్రేట్, ఎప్సం సాల్ట్ రెండూ ఒకే మగ్గులో చిక్కగా కలపొద్దు. తొందరలో నేను కలిపాను. క్షణంలో నీళ్లు మజ్జిగలా తెల్లబడి, అడుగున సున్నంలాంటి మడ్డి దిగింది. అది జిప్సం. 19:19:19లో ఉండే భాస్వరంతో కూడా కాల్షియానికి ఇదే గొడవ. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి.

చిగురాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇది ఇనుము లోటు. ఇనుము వెయ్యనందుకే వచ్చిందనుకోకండి, మా కాలనీలో చూసినంతవరకు ఎక్కువసార్లు బోరు నీళ్లే కారణం. వాటిలో బైకార్బొనేట్లు ఎక్కువ, పోసిన కొద్దీ పొట్టు పీహెచ్ పైకి పోతుంది, ఉన్న ఇనుము కూడా వేరుకి అందదు. కోకోపీట్‌లో 6 దగ్గర ఉంటే హాయి. పది లీటర్ల బోరు నీళ్లకి అర టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి, పీహెచ్ పేపర్‌తో చూసుకుంటూ సరిచెయ్యండి. ఈలోగా చెలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలో ఉండే ఇనుము) లీటరుకి అర గ్రాము పిచికారీ చేస్తే వారంలో చిగురు తేరుకుంటుంది.

ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోసేవాళ్లున్నారు. వడగట్టగా మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. గచ్చు కడగడానికి వాడుకోండి.

టమాటా కాయ అడుగు నల్లబడి కుంగిపోతోంది

తెగులనుకుని మందు కొట్టేది దీనికే. ఇది కాయకి కాల్షియం అందకపోవడం. కాల్షియం నీళ్లతో పాటే పైకి వెళ్తుంది కాబట్టి, రెండు రోజులు ఎండబెట్టి మూడోరోజు బకెట్ కుమ్మరించే ఇంట్లో ఇది తప్పదు. నల్లబడ్డ కాయ బాగుపడదు, తుంచెయ్యండి. రోజూ ఒకే వేళకి నీళ్లు, వారానికోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకి గ్రాము. కోడిగుడ్డు పెంకుల పొడి గురించి అందరూ చెబుతారు, నేనూ వేశాను. అది కరిగి మొక్కకి అందేలోపు పంటే అయిపోయింది.

కుండీ తడిగానే ఉంది, మొక్క వాడుతోంది

పొట్టు పైన ఎండి లేత గోధుమరంగుకి వస్తుంది, వేలు రెండు కణుపులు దించితే లోపల తడి. పైరంగు చూసి నీళ్లు పోస్తూపోతే వేళ్లు ఊపిరాడక గోధుమరంగుకి తిరిగి కుళ్లు వాసన వస్తాయి. కుండీని ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి, బరువు తగ్గితేనే నీళ్లు. అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో చూడండి, కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. వచ్చేసారి మూడోవంతు పెర్లైట్ (గాలి ఆడనిచ్చే తేలికపాటి తెల్ల గుళికలు) కలపండి. ఆ తడికి చేరే చిన్న నల్ల దోమలకి పసుపు జిగురు అట్టలు, పైన గుప్పెడు వేప పిండి సరిపోతాయి.

మిర్చి ఆకు ముడుచుకుంది

పాపం, ఇక్కడ కోకోపీట్ తప్పేం లేదు. పైకి ముడిస్తే తామర పురుగులు, కిందికి ముడిస్తే నల్లి. ఆకుని తెల్ల కాగితం మీద దులిపి చూడండి, కదిలే చుక్కలు కనిపిస్తే ఎరువుల జోలికి పోకుండా వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లతో, ఆకుల అడుగు తడిసేలా, ఐదురోజులకోసారి.