చిన్న ట్రాక్టర్ స్టీరింగ్, టైర్ల సమస్యలు: పరీక్ష నేల దగ్గర మొదలుపెట్టాలి

అనంతపురం జిల్లాలో నార్పల, గార్లదిన్నె పరిసరాల చీనీ (బత్తాయి) తోటల్లో చెట్ల సాళ్ల మధ్య సులువుగా తిరుగుతాయని చాలామంది రైతులు చిన్న ట్రాక్టర్లను వాడుతున్నారు. వీటిలో స్టీరింగ్ బరువెక్కినా, బండి పక్కకు లాగినా ముందుగా స్టీరింగ్ బాక్సు (స్టీరింగు తిప్పుడును చక్రాల కీళ్లకు అందించే గేర్ల పెట్టె) మీదే అనుమానం పడుతుంది. ఒకసారి మా బండికి కూడా బాక్సు విప్పించి, రెండు రోజుల పని పోగొట్టుకున్న తరువాత తేలిందేమిటంటే, ఎడమవైపు ముందు టైరులో గాలి సగమే ఉంది. అప్పటినుంచి నేను టైరుతో మొదలుపెట్టి, చక్రం, కీళ్లు చూసుకుంటూ పైకి వెళ్తాను. బాక్సు వంతు అన్నిటికన్నా చివర వస్తుంది.

పంచర్ వేయించిన టైరు రెండు రోజులకే మళ్లీ దిగిపోతుంటే

మన ప్రాంతంలో దీనికి ప్రధాన కారణం ముల్లు. చేల గట్ల మీది సర్కారు తుమ్మ ముళ్లు, కంచెగా వేసిన ఎండు కంప, కత్తిరించి సాళ్లలో వదిలేసిన చీనీ పుల్లలు టైరులో దిగి, బయటి కొన విరిగిపోయి, లోపలి కొన మాత్రం మిగిలిపోతుంది. ట్యూబుకు అతుకు వేసి అదే టైరులో పెడితే ఆ కొనే పక్కన ఇంకో చిల్లు పొడుస్తుంది. కాబట్టి ట్యూబు తీసిన ప్రతిసారీ పాత నూలుగుడ్డను మడిచి టైరు లోపలి భాగమంతా నెమ్మదిగా తుడవాలి. ముల్లు ఉన్నచోట పోగులు పట్టుకొని గుడ్డ ఆగిపోతుంది. వట్టి చేత్తో తడిమితే వేలు చీరుకుంటుంది. దొరికిన ముల్లును కటింగ్ ప్లేయరుతో లోపలి నుంచే లాగాలి. ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి చూసేటప్పుడు వాల్వు మొదలును కూడా ముంచాలి, ఎందుకంటే చాలాసార్లు బుడగలు అక్కడే వస్తాయి.

వెనుక టైరు వాల్వు నిటారుగా కాక ఒకవైపు వాలి కనిపిస్తే, గాలి తక్కువై టైరు రిమ్ము మీద జారుతోందని అర్థం. అలాగే నడిపితే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. గాలి దించి, టైరును సరిచేసి, ట్రాక్టరుతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత గాలి పట్టించాలి. గాలిని ఉదయం బండి కదలకముందే కొలవాలి. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన టైరులో మీటరు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

స్టీరింగ్ బరువుగా తిరుగుతుంటే

వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి, కింద గట్టి దిమ్మె పెట్టి స్టీరింగ్ తిప్పి చూడాలి. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఈ పరీక్షే సగం సంగతి చెప్పేస్తుంది. గాలిలో తేలికగా తిరిగితే లోపం టైరు గాలిలోనో ముందుభాగం మీది బరువులోనో ఉంటుంది. అప్పుడూ బిగుసుకొని తిరిగితే కింగ్ పిన్నులలో (ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీలు) గ్రీజు ఎండిపోయి ఉంటుంది. చక్రం వేలాడుతుండగానే, నల్లబడిన పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది పట్టించాలి. బరువు నేల మీద ఉన్నప్పుడు అది అన్ని సందుల్లోకీ వెళ్లదు.

పవర్ స్టీరింగ్ ఉంటే ముందు ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్‌లో నురగ కనిపిస్తే ఎక్కడో గాలి పీలుస్తోందని భావించి పంపుకు వచ్చే పైపు బిగింపులను పరీక్షించాలి. నాలుగు చక్రాలూ ఇంజన్ బలంతో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే, దుక్కి ముగిశాక ముందు చక్రాలకు బలం ఇచ్చే ఆ లివర్ తీయకుండా తారు రోడ్డు ఎక్కినా స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైర్లు త్వరగా అరుగుతాయి.

బండి ఒకవైపు లాగుతుంటే

రెండు ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూశాక, దృష్టి బ్రేకుల మీదికి మళ్లాలి. ఒకవైపు బ్రేకు పూర్తిగా వదలకపోయినా బండి అటే లాగుతుంది. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయకపోవడం మరింత ప్రమాదకరం.

స్టీరింగ్‌లో ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగు వట్టిగా తిరిగే వదులు) పెరిగి, ముందు చక్రాలు ఊగుతుంటే

ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ కదుపుతుండగా ఇంకొకరు టై రాడ్డు (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) కీళ్ల మీద ఒక్కొక్కటిగా చెయ్యి వేసి చూడాలి. అరిగిన బాల్ జాయింటు అరచేతికి టక్కుమని తగులుతుంది. దాన్ని మార్చి, పాత స్ప్లిట్ పిన్నును (నట్టు ఊడకుండా వేసే చీలిక పిన్ను) తిరిగి వాడకుండా కొత్తది వేయాలి. తరువాత చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకొని ఊపాలి. హబ్బు (చక్రం మధ్య భాగం) ఇరుసుకొనపై కదిలితే బేరింగు, ఇరుసుకొనతో సహా కదిలితే కింగ్ పిన్ను బుష్షు అరిగినట్టు.

ముందు టైర్లు ఒక అంచునే అరుగుతుంటే చక్రాల వరుస తప్పింది. హబ్బు ఎత్తులో రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపు కొలిచి, సుద్దతో గుర్తుపెట్టి, బండిని చక్రం సగం చుట్టు తిరిగేదాకా నెట్టి, అవే గుర్తుల మధ్య వెనుకవైపు కొలవాలి. టూ వీల్ డ్రైవ్ బండ్లలో సాధారణంగా ముందు కొలత కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి; తేడా ఎంతన్నది పుస్తకం చూసి టై రాడ్డుతో సర్దాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా ప్లే మిగిలితే అప్పుడు స్టీరింగ్ బాక్సు దగ్గరికి రావాలి. మొదట అందులోని ఆయిల్ చూసి, సర్దుబాటు స్క్రూ ఉన్న బాక్సయితే దాన్ని పావు చుట్టుకన్నా తక్కువే తిప్పి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడాలి. మధ్యలో బిగుసుకుంటే స్క్రూ ఎక్కువ తిరిగినట్టే, వెంటనే వెనక్కి వదలాలి.