జిల్లా జైలులో వ్యసన కౌన్సెలర్‌గా చేరేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్లలో మత్తు వ్యసనాలపై కౌన్సెలింగ్‌కు కొత్తగా వెళ్తున్నవారికి ముందుగా చెప్పవలసినది ఒకటుంది. రిమాండ్‌పై వచ్చిన మనిషికి తొలి వారమే గండం. ఆ వారం ప్రాణం నిలబెట్టే పని చూసుకోవాలి. మనసు మార్చే మాటలకు తర్వాత కావలసినంత సమయం ఉంటుంది.

"తాగుతారా?" అని అడిగితే చాలామంది లేదంటారు. మన పల్లెల్లో కల్లును తాగుడు లెక్కలో వేయరు కాబట్టి దాని గురించి విడిగా అడగాలి. రోజుకు ఎన్ని సీసాలు? పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతాయా? చివరిసారి ఎప్పుడు తాగారు? కూలి పని ముగించుకుని కల్లు తాగే ఆడవారూ మనకు కొత్త కాదు, వారినీ అడగండి.

ఇంతగా పట్టుబట్టడానికి కారణం కల్తీ. చెట్టు కల్లు చాలని చోట అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారు. అది ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టదు, ఒళ్లు వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగుల తాకిడి పెరిగింది ఇందుకే. మద్యం మానినవారికి సాధారణంగా తొలి 48 గంటల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంటుంది. డయాజెపామ్ శరీరంలో చాలాకాలం నిలిచే మందు కాబట్టి, దానికి అలవాటు పడ్డవారికి వారం గడిచాక కూడా ఫిట్స్ రావచ్చు. నాలుగు రోజులు బాగానే ఉన్నాడని నిశ్చింతగా ఉండవద్దు.

చేతులు ముందుకు చాచి వేళ్లు విడదీయమనండి. వాటిపై ఒక కాగితం పెడితే సన్నని వణుకు కూడా తెలిసిపోతుంది. చలికాలంలోనూ మెడ దగ్గర చొక్కా చెమటతో తడిసి ఉంటే అనుమానించాలి. మూడో రాత్రి ఆ మనిషి, లేని చీమలను దుప్పటి మీద నుంచి ఏరుతుంటాడు, ఇంటి దగ్గరి గేదెలను పేరు పెట్టి అదిలిస్తుంటాడు. బ్యారక్‌లో వాళ్లు దయ్యం పట్టిందంటారు, వార్డర్ బెయిల్ కోసం నాటకమంటాడు. వాదనకు దిగకండి. చూసినది చూసినట్లు, గంటతో సహా రాసి జైలు డాక్టర్‌కు వెంటనే ఇవ్వండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి పంపమని గట్టిగా అడగండి. గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇచ్చారా అని అడగడానికి మొహమాటపడవద్దు. మీ చేతితో మాత్రం ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి.

చీటీలు, బీడీలు, ఫోన్ నంబర్లు లోపలికీ బయటికీ మోయకండి. ఒక్కసారి ఒప్పుకుంటే మీరూ చిక్కుల్లో పడతారు. వార్డర్‌కు మీరిద్దరూ కనిపించాలి కానీ మాటలు వినిపించకూడదు, అలాంటి చోటు సూపరింటెండెంట్‌ను అడిగి తీసుకోండి. ఆత్మహత్య ఆలోచన, పారిపోయే పథకం వంటివి దాచలేనని మొదటి రోజే చెప్పండి. నేరం ఎలా జరిగిందో అడగవద్దు, రాయవద్దు. విచారణలో ఉన్న మనిషికి మీ నోట్‌బుక్ కీడు చేయకూడదు.

బెయిల్ గురించి ఆశ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. కానీ చట్టంలో ఉన్న దారి చెప్పవచ్చు. మత్తు పదార్థాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, మత్తు పదార్థం వాడినందుకో, కొద్ది పరిమాణంలో దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానుగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ పొందే వీలుంది. వివరాల కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్‌ను కలవమనండి.

విడుదల రోజు రెండో గండం. నెలల తరబడి మత్తుకు దూరమైన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మద్యం, మత్తు మాత్రలు కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఈ సంగతి ఖైదీతో పాటు ములాఖత్‌కు వచ్చే భార్యకో అన్నకో కూడా విడమరచి చెప్పండి. ఆ రోజు ఎవరో ఒకరు గేటు దగ్గరికి వచ్చి నేరుగా ఇంటికి తీసుకువెళ్లేలా ముందే మాట తీసుకోండి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరును వారి ఫోన్‌లో ఆ ములాఖత్ రోజే ఎక్కించుకోమనండి.