సీ డ్రైవ్ నిండిపోతే ఏం చేయాలి? సమస్యలు - పరిష్కారాలు

సమస్య: సీ డ్రైవ్ గీత ఎర్రబడింది, డీ డ్రైవ్ మాత్రం దాదాపు ఖాళీగా ఉంది

నెల్లూరు, ఒంగోలు కొట్లలో విడిభాగాలతో కట్టించుకున్న పాత కంప్యూటర్లలో ఇది తరచుగా కనిపించే లక్షణం. ఒకే హార్డ్ డిస్కును భాగాలు చేసేటప్పుడు విండోస్ ఉండే సీ డ్రైవ్‌కు ఏ 100 జీబీయో ఇచ్చి, మిగిలినదంతా డీ డ్రైవ్‌కు వదిలేయడమే దీనికి కారణం. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, వీడియోస్ ఫోల్డర్లు మనం మార్చనంతవరకు సీలోనే ఉంటాయి కనుక, ఫోన్ నుంచి దించిన పెళ్లి వీడియో అయినా, పొలం పాసుపుస్తకం స్కాన్ కాపీ అయినా ఆ చిన్న భాగంలోకే చేరుతుంది. స్కాన్ కాపీల పరిమాణం లెక్కలోకి రాదు. 4కె వీడియో మాత్రం కొన్ని ఫోన్లలో నిమిషానికి 350 ఎంబీ దాకా తీసుకుంటుంది. అందువల్ల ఏదైనా తుడిచేయడానికి ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిచి, ఏది ఎంత స్థలం తీసుకుందో తప్పనిసరిగా చూడాలి.

వీడియోలదే సింహభాగమని తేలితే, డీ డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్ తయారుచేసి, వీడియోస్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్‌లో మూవ్ నొక్కి ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించాలి. నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే తరువాత వెనక్కి మార్చడం చాలా కష్టమవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాలు, తుఫానుల వల్ల మన వైపు ఎప్పుడు కరెంటు పోతుందో చెప్పలేము కాబట్టి, యూపీఎస్ లేని ఇళ్లలో పెద్ద ఫైళ్లను ముందు కాపీ చేసి, అవి డీలో సరిగా తెరుచుకుంటున్నాయని చూసుకున్న తరువాతే సీలోనివి తీసివేయడం క్షేమం. రెండు డ్రైవ్‌లూ ఒకే డిస్కులో ఉన్నప్పుడు ఆ డిస్కు చెడిపోతే రెండూ పోతాయి. పిల్లల ఫొటోలు, ఇంటి పత్రాలు బయటి హార్డ్ డిస్కులో కూడా ఉండి తీరాలి.

సమస్య: విండోస్ అప్‌డేట్ తరువాత ఒక్కసారిగా స్థలం తగ్గింది

పెద్ద అప్‌డేట్ జరిగినప్పుడు పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో మిగిలి, పది జీబీకి పైగా తీసుకోవచ్చు. సాధారణంగా 10 రోజుల తరువాత అది దానంతటదే పోతుంది. అంతవరకు ఆగలేనివారు స్టోరేజ్‌లోని టెంపరరీ ఫైల్స్‌లో పాత ఇన్‌స్టలేషన్‌ను ఎంచుకుని తొలగించవచ్చు, కాని ఆ తరువాత పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారి ఉండదు. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా కనిపిస్తుంది. దానికి టిక్ పెడితే మీరు దించుకున్న హాల్‌టికెట్లు, రసీదులు అన్నీ పోతాయి.

సమస్య: ఫైళ్లు తీసేసినా ఖాళీ పెరగలేదు

అవి రీసైకిల్ బిన్‌లో ఉన్నాయి. దాన్ని ఖాళీ చేయాలి.

సమస్య: ఫైళ్లేమీ లేకపోయినా కొన్ని జీబీలు కనిపించకుండా పోయాయి

హైబర్నేషన్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపడం) కోసం విండోస్ దాచుకునే ఫైల్ ర్యామ్ పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. హైబర్నేట్ వాడని ఇంట్లో, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ (powercfg /h off) అనే ఆదేశాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఇస్తే ఆ ఫైల్ తొలగిపోతుంది. దానితోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది కనుక కంప్యూటర్ తెరుచుకోవడానికి కొంత ఎక్కువ సమయం పట్టవచ్చు. విండోస్ ఫోల్డర్‌లో పెద్దగా కనిపించే వాటిని మాత్రం చేత్తో తుడిచేయకూడదు.