పిక్సెల్ ఫాంట్ మసకగా వస్తోందా? ముందు 8 ఎక్కం చూడండి

పాత ఆర్కేడ్ ఆటల్లో ఒక్కో అక్షరం సాధారణంగా 8×8 గడుల్లో ఇమిడేది. 1980ల నామ్‌కో ఆటల అక్షరాలను చూసి చేసిన ప్రెస్ స్టార్ట్ 2పి ఫాంట్‌దీ అదే లెక్క. కింది అంకెలు దానికి సంబంధించినవే.

సమస్య: అంచులు మసక, లేదా ఒక గీత లావు, పక్క గీత సన్నం

కారణం: ఫాంట్‌లోని ఒక గడికి స్క్రీన్ మీద పూర్తి పిక్సెళ్లు దక్కడం లేదు. సైజు 20 పిక్సెళ్లు పెట్టారనుకోండి, గడికి రెండున్నర వస్తుంది. ఆ అర దగ్గర యాంటీఏలియాసింగ్ (అంచులను నునుపుగా చూపించే పద్ధతి) బూడిద రంగు పూస్తుంది. అది ఆపేస్తే కొన్ని గడులకు 2, కొన్నిటికి 3 పిక్సెళ్లు పడి అక్షరం వంకరపోతుంది.

పరిష్కారం: 8, 16, 24, 32, ఇలా 8 ఎక్కంలోవే. వేరే సైజు వద్దు. పాయింట్లలో ఇవ్వాల్సి వస్తే 96 డీపీఐకి (అంగుళానికి 96 చుక్కలు) 6, 12, 18, 24.

16 పెట్టినా మసక పోలేదా? విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్ చూడండి. 125 శాతంలో 16 కాస్తా 20 అవుతుంది, మళ్లీ అదే రెండున్నర. 32 పెడితే 40, గడికి సరిగ్గా 5. 150లో 6, 175లో 7. చూసేవాళ్ల స్కేలింగ్ మన చేతిలో ఉండదు కాబట్టి వెబ్ శీర్షికలకు 32 కంటే మంచి సైజు లేదు. కాకపోతే 320 పిక్సెళ్ల వెడల్పులో పది అక్షరాలే పడతాయి.

సమస్య: సైజు సరైనదే, గేమ్ ఇంజిన్‌లో మాత్రం మసక

గోడో 4లో ఫాంట్ ఇంపోర్ట్ ట్యాబ్ తెరిచి యాంటీఏలియాసింగ్, హింటింగ్ (గీతలను పిక్సెళ్లకు సర్దే పద్ధతి) రెండూ నన్, సబ్‌పిక్సెల్ పొజిషనింగ్ డిసేబుల్డ్ చేయండి. రీఇంపోర్ట్ నొక్కకపోతే ఏ మార్పూ రాదు. చాలామంది ఆగిపోయేది అక్కడే. యూనిటీ టెక్స్ట్‌మెష్ ప్రోలో మామూలుగా వచ్చే ఎస్‌డీఎఫ్ పద్ధతి (అక్షరాన్ని అంచు దూరాల లెక్కగా దాచేది) మూలలను గుండ్రం చేస్తుంది. రాస్టర్ మోడ్‌లో అట్లాస్ (అక్షరాలన్నీ ఉండే బొమ్మ) మళ్లీ తయారుచేసి, దాని ఫిల్టర్ మోడ్ పాయింట్‌కి మార్చండి.

సమస్య: సొంతంగా చేసిన ఫాంట్‌లో గడుల మధ్య వెంట్రుకలాంటి గీతలు

ప్రతి గడీ విడి చదరంగా ఉండిపోయింది. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నీ ఎంచుకుని రిమూవ్ ఓవర్‌లాప్ ఇవ్వండి. అప్పటికీ కలవని చోట బయటి అంచును చేత్తోనే గీయాలి. ఎమ్ సైజు (అక్షరం గీసే చదరం ఎత్తు) 1024 పెట్టుకుంటే గడికి 128 యూనిట్లు.

సమస్య: తెలుగు రాస్తే మామూలు ఫాంట్ కనిపిస్తోంది

ప్రెస్ స్టార్ట్ 2పిలో తెలుగు లేదు. సిస్టమ్ వేరే ఫాంట్ తెచ్చి పెడుతుంది. 8 గడుల ఎత్తులో తెలుగు పట్టించడమూ కష్టమే. ‘స్త్రీ’ గీసి చూడండి: పైన గుడిదీర్ఘం, మధ్యలో సకారం, కింద రెండు వత్తులు. గ్నూ యూనిఫాంట్ అనే ఉచిత పిక్సెల్ ఫాంట్‌లో 16 గడుల ఎత్తున తెలుగు అక్షరాలున్నాయి గానీ, వత్తులు కుదురుగా అమరవు.

ఆట పేరు వరకే తెలుగు కావాలంటే ఫాంట్ జోలికి పోకండి. 24 గడుల ఎత్తులో బొమ్మగా గీసి పీఎన్‌జీగా సేవ్ చేసి, పూర్తి రెట్లలోనే పెంచండి. సీఎస్ఎస్‌లో ఇమేజ్-రెండరింగ్‌కి పిక్సెలేటెడ్ ఇస్తే అంచులు చెదరవు. ఆ సెట్టింగ్ బొమ్మలకూ కాన్వాస్‌కూ పనిచేస్తుంది, టెక్స్ట్‌కి ఇస్తే ఫలితం సున్నా.