కనుబొమలు దిద్దుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జుట్టు నల్లగా ఉన్నంత మాత్రాన నల్ల పెన్సిలే కొనవలసిన పని లేదు. ముదురు గోధుమ రంగు చాలామందికి మరింత సహజంగా కనిపిస్తుంది కనుక, దుకాణం దీపాల కింద కాక పగటి వెలుతురులో చూసి ఛాయను ఎంచుకోవాలి. గడువు తేదీ చూడడం మరవరాదు. కొత్త ఉత్పత్తిని మోచేతి మడతలో కొద్దిగా రాసి, 24 నుంచి 48 గంటల వరకు దురద గాని, ఎర్రదనం గాని రాకపోతేనే ముఖానికి వాడాలి. థ్రెడింగ్ చేయించుకున్న రోజున చర్మం సున్నితంగా ఉంటుంది కాబట్టి, ఆ పూటకు మానుకోవడమే మేలు. పెళ్లి ఇళ్లలో ఒకే పెన్సిలు పదిమంది చేతులు మారడం మామూలే గాని, చర్మపు అంటువ్యాధులు అలాగే పాకుతాయి. తలకు వేసుకునే రంగును మాత్రం కనుబొమలకు ఎన్నడూ పూయరాదు. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం.