దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి: యాంటీహిస్టమిన్ మాత్ర వాడే పద్ధతి

ఫార్మసీ విద్యార్థులకు హిస్టమిన్ రిసెప్టర్ల పాఠం ఏటా చెబుతాను. హిస్టమిన్ అంటే అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనం, అది వచ్చి అతుక్కుని పని చేయించే చోట్లే రిసెప్టర్లు. తీరా నాకే ఒళ్లంతా దద్దుర్లు లేచినప్పుడు ఆ పాఠం గుర్తుకు రాలేదు. దురద పుట్టినప్పుడల్లా హిస్టమిన్‌ను అడ్డుకునే యాంటీహిస్టమిన్ మాత్ర ఒకటి మింగడం, తగ్గలేదని మాత్రను తిట్టుకోవడం. మూడు వారాలు ఇదే తంతు.

ముందు ఆ వాపు హిస్టమిన్ పనేనా అన్నది తేల్చుకోవాలి. కొత్తగా లేచిన దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కనే టైం వేయండి. హిస్టమిన్ దద్దురైతే సాధారణంగా 24 గంటల్లోపే మచ్చ కూడా మిగలకుండా అణిగిపోయి, ఇంకెక్కడో లేస్తుంది. గీత లోపల అలాగే ఉండిపోయి, నొప్పి పెట్టి, కమిలిన మరక మిగిలితే రక్తనాళాలే వాచి ఉండొచ్చు, డాక్టరుకి చూపించాల్సిందే. మోకాలి వాపు, చిగుళ్ల వాపు లాంటివి వేరు. అక్కడ పెత్తనం ప్రోస్టాగ్లాండిన్ల వంటి వేరే రసాయనాలది కాబట్టి ఈ మాత్రలతో ఒరిగేది లేదు.

రిసెప్టర్లు నాలుగు రకాలు. దద్దుర్లకీ తుమ్ములకీ కారణం హెచ్1. సన్నటి రక్తనాళాలు వెడల్పై నీరు కారడం, నరాలు దురద కబురు మోయడం దీని వల్లే. హెచ్2 కడుపులో ఆమ్లం సంగతి చూస్తుంది. దాన్ని 1972లో శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ బృందం విడిగా గుర్తించాకే, ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ మందు వచ్చింది. హెచ్3 ఎక్కువగా మెదడులో ఉంటుంది. నాలుగోదాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను తప్పు చేసింది టైం దగ్గర. హెచ్1 రిసెప్టర్ ఊరికే కూర్చుని హిస్టమిన్ కోసం ఎదురు చూడదు. పనిచేసే రూపానికీ పడుకునే రూపానికీ మధ్య దానంతటదే ఊగుతుంటుంది. మాత్రలోని మందు పడుకున్న రూపాన్ని పట్టుకుని, లేవకుండా ఉంచుతుంది. అప్పటికే చర్మంలోకి కారిన నీటిని మాత్రం వెనక్కి తోడలేదు. అందుకే దద్దుర్లు రోజూ వస్తుంటే, దురద ఉన్నా లేకున్నా, డాక్టర్ చెప్పినన్నాళ్లు రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. అలా మొదలుపెట్టాక ఐదో రోజుకి నాకు నిద్ర పట్టింది.

ఏ మాత్ర? క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతవి మెదడులోకి చొరబడి మత్తు తెస్తాయి, నోరు ఎండగడతాయి. వయసు పైబడినవాళ్లలో మూత్రం కూడా బిగబట్టొచ్చు. నా మట్టుకు నేను వాటి జోలికి పోను. సిట్రిజిన్‌తో మత్తు తక్కువే అంటారు గానీ, నేను క్లాసులో ఆవలిస్తుంటే పిల్లలు నవ్వారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకి దీని డోసు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు వెళ్లదు. దీని తల్లి టెర్ఫెనడిన్. కొన్ని మందులతో కలిస్తే గుండె లయ తప్పిస్తోందని 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. శరీరం దాన్ని మార్చి తయారుచేసే పదార్థమే ఇప్పుడు మాత్రగా వస్తోంది. దీన్ని మంచినీళ్లతోనే మింగండి, పళ్లరసంతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

ఒక మాత్రకి లొంగకపోతే కొత్త తరం మందుల డోసును నాలుగింతల దాకా పెంచవచ్చని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ పని డాక్టర్ చేయాలి, మనం కాదు. గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా మాత్ర వెతుక్కోవద్దు. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, ఆసుపత్రి.

ఎగ్జిమా దురదకి ఈ మాత్రలు పెద్దగా ఎందుకు పనిచేయవని ఏటా ఒక విద్యార్థి అడుగుతాడు. అక్కడే హెచ్4 కథ. 2000లో బయటపడిన ఈ రిసెప్టర్ ఇయోసినోఫిల్స్, మాస్ట్ కణాలనే అలర్జీ కణాల మీద ఉండి, వాపు ఉన్నచోటికి వాటిని పిలుస్తుంది. దాన్ని ఆపే మందులు ఎలుకల్లో వాపునీ దురదనీ తగ్గించాయి. మనుషుల్లో ఒకటి తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా పడగొట్టడంతో ఆ ట్రయల్ ఆగింది. మందుల షాపులో హెచ్4 మాత్ర ఇంకా లేదు.

చివరగా, చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షకి వెళ్తుంటే, ఎన్నాళ్ల ముందు మాత్ర ఆపాలో అడిగి తెలుసుకోండి. చాలా మాత్రలకి వారం సరిపోతుంది. నేను ఆపకుండానే వెళ్లాను. సరిచూసుకోవడానికి గుచ్చిన హిస్టమిన్ చుక్క దగ్గరే ఏమీ లేవలేదు. "మాత్ర వేసుకున్నారా?" అని నర్సు అడిగింది. నేనేం పాఠం చెబుతానో ఆమెకి చెప్పలేదు.